నాలుక కదిలింది

తీర్ నెల 3, ఆదివారం

రాసుకోవాల్సినంత విషయం కాదు. చేతులు ఊరుకోక రాస్తున్నాను.

మా బృందం సాధన మధ్యలో పరీచెహ్ర్ తన పెద్ద డప్పు, దఫ్, వాయిస్తూ వాయిస్తూ ఊపు మీద నా వైపు వచ్చేసింది. దానికి ఊపొస్తే గది సరిపోదు. నేను కళ్లు మూసుకుని నేయ్ ఊదుతున్నాను. దఫ్ చట్రం వచ్చి నేయ్ కొసకు తగిలింది. కొసకే, నాకు కాదు. కాకపోతే ఈ రెల్లు గొట్టం రెండో కొస ఇత్తడి మూతితో సహా నా పై ముందుపళ్లు రెండింటి మధ్య ఇరికించి ఉంటుంది, వెనక నుంచి నాలుక గాలిని అందులోకి తోస్తుంది. గునపంతో రాయిని పెకలించినట్టయింది. లోపల ఎక్కడో టిక్కుమంది.

"తగిలిందా గొహర్?" అంది పరీచెహ్ర్.

"నీ దఫ్ తగలనివాళ్లు ఇస్ఫహాన్‌లో ఎవరున్నారే," అన్నాను. అందరూ నవ్వారు. మళ్లీ మొదటి నుంచీ వాయించాం.

రక్తం రాలేదు. పన్ను ఊగడం లేదు. ఏమీ కాలేదు.

తీర్ 4, సోమవారం

ఏమీ కాలేదు.

తీర్ 6, బుధవారం

పొద్దున చాయ్ దగ్గర దొరికిపోబోయాను. చక్కెర గడ్డను ముందుపళ్ల మధ్య పెట్టుకుని మొదటి గుక్క తాగబోయేసరికి నెత్తిదాకా జివ్వుమంది. గడ్డను మెల్లిగా చేతిలోకి తీసుకుని, గ్లాసులో పడేసి చెంచాతో కలిపాను. అమ్మ కత్తెరతో చక్కెర దిమ్మ కొడుతోంది, చూడదులే అనుకున్నాను. ఆవిడ చూడనిదంటూ ఈ ఇంట్లో ఏదైనా ఉందా.

"ఏమిటే అది, ఆసుపత్రి చాయా?"

"ఊరికే. అలా తాగాలనిపించింది."

"మీ నాన్న పోయేముందు అలా తాగాడు. ఒంట్లో బాగున్నవాళ్లెవరూ చక్కెర కలుపుకుని తాగగా నేను చూడలేదు."

"అయితే నన్నూ పంపించెయ్ ఆయన దగ్గరికి."

"ఆయన ప్రాణం హాయిగా ఉంది, ఉండనీ," అంది అమ్మ. కానీ నా నోటి వైపు చూపు తిప్పలేదు.

గదిలోకి వచ్చి తలుపేసుకుని నేయ్ ఊదాను. నిజంగా ఏమైనా అయి ఉంటే ఊదలేను కదా. కింది స్వరాలు బాగానే వచ్చాయి. పై స్వరాలు కూడా. కళ్ల వెంట నీళ్లొచ్చాయి గాని స్వరం పోలేదు. అది చాలు.

తీర్ 9, శనివారం

ఈరోజు సంతోషించాలి. సంతోషంగానే ఉన్నాను.

ఉస్తాద్ అర్దెస్తానీ అందరి ముందూ చెప్పారు. ఇంకో మూడు నెలల్లో, మెహ్ర్ నెల కచేరీలో మొదటి నేయ్ నాదట. ఆయన ముందుపళ్లు ఊడిన దగ్గర్నుంచీ ఆ పీట మీద ఎవరూ కూర్చోలేదు. పెట్టుడు పళ్ల మధ్య నేయ్ నిలవదు. నిలిచినా దాని ఒణుకు ఎముకలోకి దిగదు, ఎముకలోకి దిగకపోతే అది ఇస్ఫహాన్ ఊదుడు కాదు. అప్పటి నుంచీ ఆయన మాకు పాడి నేర్పుతున్నారు. ఆయన నేయ్ గుడ్డలో చుట్టి అరలో ఉంది. కచేరీ రోజున దాన్ని ఊదమన్నారు నన్ను.

పరీచెహ్ర్ వచ్చి కావలించుకుంది. దాని భుజం నా పెదవికి తగలకుండా తల పక్కకు తిప్పాను. అది గమనించిందేమో. గమనించి ఉండదు.

పదిహేనేళ్లుగా ఈ మాట కోసం ఎదురుచూశాను. ఈ మాట పోయిన వారం ఎందుకు అనలేదు ఈయన.

తీర్ 12, మంగళవారం

చివరికి వెళ్లాను. పళ్ల డాక్టరు కాజెరూనీ. అమ్మకు బజారుకని చెప్పాను.

మంచుముక్క పెట్టి చూశాడు. ఎగిరిపడ్డాను. "మంచిదే, పన్ను బతికే ఉంది," అన్నాడు. వేలితో కదిపి చూశాడు. "కొంచెం ఊగుతోంది." ఊగడం లేదన్నాను. నా పంటి సంగతి నాకే బాగా తెలుసన్నట్టు. చిన్న ఎక్స్‌రే తీశాడు. అందులో ఏమీ లేదు. నేను అప్పటికే సంచీ భుజాన వేసుకుని లేచి నిలబడ్డాను.

"కూర్చోండమ్మా. ఈ ఫిల్ము గోడ మీద నీడ లాంటిది. మనిషికి ఎదురుగా దీపం పెడితే వాడి వీపున గాయం ఉందో లేదో నీడలో తెలుస్తుందా? యంత్రం తల చుట్టూ తిరిగి తీసే బొమ్మ ఉంది. పంటినీ దవడనూ దోసకాయ చక్రాల్లా కోసి, ఏ పక్క నుంచి కావాలంటే ఆ పక్క నుంచి చూపిస్తుంది. అది తీయించుకుని రండి."

"ఏం కనిపించొచ్చు?"

"వేరు అడ్డంగా విరిగి ఉంటే పక్క పళ్లకు తీగతో కట్టి కాపాడొచ్చు. నిలువునా చీలి ఉంటే పీకడమే. పంటికి ముందున్న ఎముక కాగితమంత ఉంటుంది, అదీ చిట్లి ఉండొచ్చు. భయపడకండి, ఈ రోజుల్లో పెట్టుడు పన్ను నవ్వితే ఎవరికీ తెలియదు."

"ఊదితే?"

"ఏం ఊదితే?"

చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇస్ఫహాన్‌లో పుట్టినవాడు కదా, ఇంక వివరించనక్కర్లేకపోయింది.

అడ్డం అయితే ఉంటుంది. నిలువు అయితే పోతుంది. ఇంటికొచ్చేదాకా దారి పొడుగునా అదే పాట. అడ్డం, నిలువు, అడ్డం, నిలువు.

తీర్ 14, గురువారం

బొమ్మకు వెళ్లలేదు. ఎండ.

తీర్ 16, శనివారం

వెళ్లలేదు. అక్కడ మధ్యాహ్నం కరెంటు పోతుందట.

తీర్ 17, ఆదివారం

మొహర్రం మొదలైంది. పదిరోజులు సాధన లేదు, సంగీతం లేదు. హమ్మయ్య అనుకున్నాను. అనుకున్నందుకు సిగ్గేసింది. ఊళ్లో అందరూ ఏడుస్తుంటే నాకొక్కదానికి ఊపిరాడుతోంది.

అయినా గదిలో దిండు అడ్డం పెట్టుకుని కొంచెం ఊదాను. కొంచెమే. ఇంకా వస్తోందో లేదో చూడాలి కదా.

తీర్ 20, బుధవారం

తీయించుకున్నాను.

బొమ్మలు తీసే ఆవిడ శీర్వానీ ఖానమ్. బొద్దుగా, నిదానంగా ఉంది. చెవిపోగులు, తలకు కట్టుకున్న రుసరీ పిన్నులు అన్నీ తీయించింది. లోహం ఉంటే బొమ్మ మీద చారలు పడతాయట. యంత్రం ముందు నిలబెట్టి, గడ్డం ఒక పీట మీద ఆనించి, కణతలకు రెండు మెత్తటి చేతులు బిగించింది. తర్వాత ఒక ప్లాస్టిక్ పుల్ల చూపించి ముందుపళ్లతో కరవమంది. నేను వెనక్కి జరిగాను. నేయ్ పెట్టే చోటే అది. కరిస్తే ఉన్నదీ విరుగుతుందేమో.

"సరే, కరవద్దు. పెదాలు మూసుకోండి. మింగకండి, కదలకండి. అది ఒక్క చుట్టు తిరిగేస్తే అయిపోతుంది."

ఆవిడ తలుపవతలికి వెళ్లిపోయింది. యంత్రం చెయ్యి మెల్లిగా నా ముఖం ముందు నుంచి చెవి వెనక్కి వెళ్లింది. కనిపించకుండా పోయింది. వెనక ఏం చేస్తోందో తెలియదు. నేను రాయిలా నిలబడ్డాను.

ఆవిడ వచ్చి తెర వంక చూసి, "కదిలారా?" అంది.

"లేదు."

"కొంచెం కూడా?"

"ఊపిరి కూడా తీయలేదండీ."

తెర మీదికి వంగి ఇంకోసారి చూసింది. ఆ చూడటం నాకు నచ్చలేదు.

తీర్ 23, శనివారం

నిలువు.

నిలువు అని చెప్పలేదు. "నిలువులాగా ఉంది" అన్నాడు కాజెరూనీ. బొమ్మలో ప్రతి అంచూ రెండుగా పడిందట. పంటి వెంబడి పై నుంచి కిందికి ఒక నల్లగీత. "ఇది చీలికో, బొమ్మ చెదిరిందో తేల్చుకోలేకపోతున్నాను. మీరు కదిలి ఉంటారు."

"నేను కదల్లేదు."

"కదలకపోతే ఇంకా భయపడాలమ్మా. అప్పుడది నిజమైన గీత."

మళ్లీ తీయాలన్నాడు. బొమ్మల కేంద్రం మొహర్రం పదో రోజు, ఆషూరా, అయ్యేదాకా తెరవరు. అంతదాకా ఈ నిలువుగీతను నోట్లో పెట్టుకుని తిరగాలి. నేను కదల్లేదు. కదిలి ఉంటే బాగుండు. కదిలానని ఎవరైనా ప్రమాణం చేసి చెబితే వాళ్ల కాళ్లు కడుగుతాను.

తీర్ 25, సోమవారం

పరీచెహ్ర్ వాళ్లింట్లో మొహర్రం మొక్కుకు వండిన ఖీమె, మాంసం కూర, గిన్నెలో పెట్టుకుని వచ్చింది. అమ్మ లోపలికి వెళ్లగానే నా పక్కన కూర్చుంది.

"తినవేం?"

"వేడిగా ఉంది."

"చల్లారి గడ్డ కట్టింది గొహర్. ఆ రోజు నా దఫ్ నీకు తగిలింది కదూ?"

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

"నేను రోజూ అడుగుదామనుకుంటున్నా," అంది. "అడిగితే నువ్వు చెప్పేస్తావని భయం. నీ పీట నా చేత్తో నేనే లాగేశానా అని, దఫ్ ముట్టుకోబుద్ధి కావడం లేదు."

"ఏం కాలేదే. పిచ్చిదానా."

"అయితే అది కొరుకు." గిన్నెలోంచి మాంసం ముక్క తీసి నా నోటి ముందు పెట్టింది. నేను నోరు తెరవలేదు. అది ముక్కను గిన్నెలో పడేసి రుసరీ కొసలో ముఖం దాచుకుంది. అమ్మ తలుపు దగ్గర ఎప్పటి నుంచి నిలబడి ఉందో తెలియదు.

తీర్ 26, మంగళవారం. ఆషూరా

వీధిలో అందరితో పాటు ఏడ్చాను. ఈరోజు ఎవరూ ఎందుకని అడగరు.

తీర్ 28, గురువారం

ఉస్తాద్ దగ్గరికి కుంకుమపువ్వు పాయసం తీసుకెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. వెళ్లి కూర్చున్నాక ఎండల గురించి మాట్లాడాను, నదిలో నీళ్లు లేకపోవడం గురించి మాట్లాడాను, తర్వాత కుక్కిన పేనులా కూర్చున్నాను. ఆయన పాయసం తింటూ నా గొంతు వైపు చూస్తున్నారు.

"ఏం ఊదుతున్నావు?"

"నేయ్ తేలేదు ఉస్తాద్."

"తేలేదని కనబడుతూనే ఉంది. ఏం ఊదుతున్నావని అడిగాను. దష్తీ రాగంలా ఉంది. ఆ మూడో విరుపు తప్పు."

నాకు అర్థం కాలేదు. ఆయన చెంచాతో నా గడ్డం కింద చూపించారు.

"వచ్చిన దగ్గర్నుంచీ నీ నాలుక ఆడుతూనే ఉంది తల్లీ. నోరు మూసుకునే ఊదుతున్నావు. నేను పరీక్ష పెట్టినప్పుడల్లా ఇంతే, నేయ్ చేతికి తీసుకోకముందే లోపల సగం ఊదేస్తావు. భయమేస్తే నీ నాలుక ఆగదు. నీకు తెలియదా?"

నాకు తెలియదు. అమ్మతోడు నాకు తెలియదు. రాయిలా నిలబడ్డాననుకున్నాను. యంత్రం నా చెవి వెనక్కి వెళ్లినప్పుడు నా నాలుక విరిగిన పంటిని ఆనుకుని దష్తీ ఊదుతోందన్నమాట. దాంతో గడ్డం అదిరి ఉంటుంది.

ఉన్నదంతా కక్కేశాను. దఫ్ నుంచి నిలువుగీత దాకా. నవ్వితే ఎవరికీ తెలియదన్న మాట కూడా.

ఆయన నోట్లోంచి పెట్టుడు పళ్లు తీసి చాయ్ సాసరులో పెట్టారు. ముఖం సగానికి సగం ముడుచుకుపోయింది. "నవ్వితే ఎవరికీ తెలియదు," అన్నారు తొర్రి మాటతో. "ఊదితే గోడలకు కూడా తెలుస్తుంది. వెళ్లి మళ్లీ తీయించుకో. ఆ కాసేపు ఊదకు. నీ జన్మలో ఒక్కసారి ఊరికే భయపడు."

తీర్ 30, శనివారం

అదే గది. పిన్నులు తీసేశాను. గడ్డం ఆనించాను. శీర్వానీ ఖానమ్ కణతలు బిగిస్తుంటే అన్నాను.

"నాకు భయంగా ఉందండీ."

ఈ మాట ఎవరితోనూ అన్న గుర్తు లేదు. నాన్న పోయినప్పుడు కూడా అనలేదు, మేడ మీదికెళ్లి నేయ్ ఊదాను. చుట్టుపక్కలవాళ్లు ఎంత బాగా ఊదుతోందో అన్నారు.

"యంత్రమంటేనా?"

"కాదు. ఏం కనిపిస్తుందో అని. పోయినసారి నేను కదిలాను. నాలుక కదిలింది."

ఆవిడ చేతులు ఆగాయి. "చెప్పారు, నయం. భయపడండి, ఏం పర్లేదు. నాలుకను మాత్రం అంగిట్లో, వెనగ్గా అంటించి పెట్టండి. పంటికి తగలనివ్వకండి."

చెయ్యి తిరగడం మొదలైంది. నాలుక కొస దురదపుట్టినట్టు అదిరింది. దష్తీ మొదటి స్వరం అక్కడే ఉంది, గుమ్మంలో పిల్లిలా. రానివ్వలేదు. అది రాకపోయేసరికి భయం మొత్తం ఒంట్లోకి దిగింది. ఇంత ఉందా నాలో అనుకున్నాను. యంత్రం చెవి వెనక్కి వెళ్లి, రెండో చెవి పక్క నుంచి తిరిగొచ్చింది.

"కదల్లేదు," అంది శీర్వానీ ఖానమ్. ఈసారి అడగలేదు.

మొర్దాద్ నెల 2, మంగళవారం

అడ్డం.

కాజెరూనీ తెర మీద నా ముఖపు ఎముకలను బంతిలా తిప్పి చూపించాడు. నా పుర్రెను నేనే చూశాను, ముక్కు లేదు, కళ్లు లేవు, ముందుపళ్ల మధ్య మాత్రం నేయ్ అరగదీసిన నొక్కు స్పష్టంగా ఉంది. అది చూసి నేనేనని నమ్మాను. తర్వాత పంటిని చక్రాలుగా కోశాడు. పోయినసారి ఉన్న నిలువుగీత లేదు.

"అది చీలిక కాదమ్మా. మీ కదలిక."

నా భయమే నా పంటి మీద గీత గీసి, దాన్నే చూపించి నన్ను పదిరోజులు చంపింది. నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను.

ఆయన నవ్వలేదు. ఇంకో చక్రం చూపించాడు. వేరు పైభాగంలో అడ్డంగా, సన్నటి నల్ల గీత. ముందున్న కాగితపు ఎముకలో వెంట్రుకంత పగులు.

"దెబ్బ తగిలాక ఊదారా?"

"ఊదాను."

"ఎన్నాళ్లు?"

"రోజూ."

కళ్లజోడు తీశాడు. "రెండు ముక్కల మధ్య ఎడం వచ్చింది. తగిలిన రోజే వచ్చి ఉంటే..." అని ఆపేశాడు. నేను ఆపమనలేదు, ఆయనే ఆపాడు. ఆ వాక్యాన్ని నేను ఇంటిదాకా పూర్తి చేసుకుంటూ వచ్చాను.

తీగ కట్టాడు. అతుక్కోవచ్చు, అతుక్కోకపోవచ్చు. తీగ తీశాక మళ్లీ బొమ్మ తీస్తే గాని తెలియదు. చలికాలం దాకా నేయ్ ముట్టుకోకూడదు. "నాలుకతో కూడా తోయకూడదు. ఆ పన్నుకు ఇప్పుడు మీ నాలుకే దఫ్." అంటే భయపడితే లోపల ఊదుతాను. ఊదితే ఎడం పెరుగుతుంది. పెరుగుతుందేమోనని భయపడతాను.

మెహ్ర్ కచేరీ లేదు నాకు. రాశాను. ముక్కు కారుతోంది అంతే.

మొర్దాద్ 4, గురువారం

ఉస్తాద్‌కు చెప్పాను. ఆయన నేయ్‌ను అరలోంచి తీసి, గుడ్డ విప్పి చూసి, మళ్లీ చుట్టి అక్కడే పెట్టారు.

"కచేరీలో మొదటి నేయ్ ఉండదు. ఇన్నేళ్లు లేదు, ఇంకో ఏడాది లేకపోతే ఎవడూ చావడు. నువ్వు పాడు."

"కచేరీలోనా?"

"ఇక్కడ. నా ముందు. తలుపేసి. ఊదకుండా ఉండాలంటే నాలుకకు వేరే పని పెట్టాలి. నేను పళ్లు పోయాక ఏం చేశాననుకున్నావు?"

"నాకు గొంతు బాగుండదు ఉస్తాద్."

"బాగుండాలని ఎవరడిగారు?"

పాడాను. దష్తీ. గొంతు పగిలింది, ఒణికింది, మధ్యలో ఏడుపులోకి జారింది. నేయ్ ఊదినన్నాళ్లూ నా భయం ఆ గొట్టంలోంచి పోయి అవతల సంగీతమై వినబడేది, జనం ఆహా అనేవాళ్లు. ఇప్పుడు అది నా నోట్లోంచి, నా గొంతుతో, భయంలాగే వచ్చింది. ఆగబోయాను. ఆయన వేలు ఎత్తి ఆగొద్దన్నారు. మూడో విరుపు దగ్గరికి వచ్చేసరికి తొర్రి నోటితో ఆయనా కలిపారు. అక్కడ నేను ఎప్పుడూ తప్పుతాను. ఈసారి తప్పలేదు.

మొర్దాద్ 6, శనివారం

పొద్దున చాయ్ దగ్గర నా గ్లాసులో చక్కెర ముందే కలిపి ఉంది. అమ్మ తన గ్లాసులోనూ ఒక గడ్డ వేసుకుని చెంచాతో తిప్పుతోంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ అలా తాగడం నేను చూడలేదు.

"ఏమిటమ్మా, ఆసుపత్రి చాయా?"

"తాగు."

తాగాను. తీగ చుట్టూ తియ్యగా, వేడిగా తిరిగింది. అమ్మ నా నోటి వైపు చూడకుండా అడిగింది.

"భయమేస్తోందా?"

"వేస్తోంది."

"నాకూ," అని, ఎప్పుడో కరిగిపోయిన చక్కెరను అమ్మ ఇంకా తిప్పుతూ కూర్చుంది.